పైకి చేసిన ప్రార్థన

స్టీవెనేజ్
13 నవంబరు 2013, బుధవారం

ప్రార్థన చెయ్యమన్నది మీరు, చేసింది కృపామణి. ఇప్పుడు ఉద్యోగం పోయేది ఆమెకి. మీకు మాత్రం టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, కారు దాకా సాగనంపారు. ఇది అన్యాయం పెదనాన్నా.

ఉత్తరం ఇలా మొదలుపెట్టకూడదని నాకు తెలుసు. "గౌరవనీయులైన" అని రాసి చూశాను. ఆ మాట తర్వాత కలం కదల్లేదు. ఫోన్ చేద్దామంటే పెద్దమ్మ ఎత్తుతుంది, మీరు ప్రార్థనలో ఉన్నారంటుంది. ఎప్పుడు చేసినా మీరు ప్రార్థనలోనే ఉంటారు. మీ ప్రార్థన ఎవరికీ వినపడదు కాబట్టి మీమీద ఎవరూ కంప్లయింట్ పెట్టరు.

నేనెవరో గుర్తు చెయ్యాలేమో. మీ తమ్ముడి కూతురు జెమీమాని. ఇంటర్ తప్పి, ఒంగోలు నుంచి అమ్మ దగ్గరికొచ్చి, కేర్ హోమ్‌లో దుప్పట్లు ఉతికేదాన్ని. పోయిన ఈస్టర్‌కి వెంబ్లీలో మన తెలుగువాళ్ల ఆరాధనలో "ఈ బిడ్డకి చదువు మీద మనసు పుట్టించు తండ్రీ" అని అందరి ముందూ నా కోసం ప్రార్థించారు కదా, ఆ బిడ్డని. నేను చదువుతూనే ఉన్నాను. తెలుగు బైబిల్లో నేర్చుకున్నాను, ఇంగ్లీషు టీవీలో బొమ్మ కింద పడే అక్షరాల్లో నేర్చుకున్నాను. అందుకే నా తెలుగు ప్రవక్తలు తిడుతున్నట్టుంటుంది, నా ఇంగ్లీషు వంటల పోటీలో ఓడిపోయినవాళ్లు ఏడుస్తున్నట్టుంటుంది.

సోమవారం ఏం జరిగిందో రాస్తున్నాను. మీరూ అక్కడే ఉన్నారు గానీ మీకు గుర్తున్నట్టు లేదు.

పదకొండో నెల పదకొండో తారీఖు పదకొండు గంటలకి, యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం ఈ దేశమంతా రెండు నిమిషాలు నోరు మూసుకుంటుంది. మా హోమ్ హాల్లో ముసలివాళ్లందర్నీ తెచ్చి కూర్చోబెట్టారు. నెలకోసారి వాక్యం చదవడానికి వచ్చే పెద్దమనిషి కాబట్టి మిమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. మీ పక్కన చక్రాల కుర్చీలో హెరాల్డ్ గారు. ఆయన పక్కన మోకాళ్ల మీద, ఆయన్ని రోజూ చూసుకునే కృపామణి. నేను దుప్పట్ల బండితో గుమ్మంలో ఇరుక్కున్నాను. ఆ బండికి ఒక చక్రం కీచుమంటుంది. కదిలావంటే చూడు అన్నట్టు మేనేజరమ్మ వేలు చూపించింది. ఆ రోజు మౌనాన్ని అందరికంటే బాగా పాటించింది ఎవరయ్యా అంటే నేనూ నా బండీ.

హెరాల్డ్ గారు ఏడవడం మొదలుపెట్టారు. కృపామణి ఆయన చెయ్యి పట్టుకుని మొహంలో మొహం పెట్టి చూస్తోంది. అప్పుడు మీరు వంగి, "ప్రార్థన చెయ్యమ్మా" అన్నారు. గుమ్మం దాకా వినపడింది. ఆ హాల్లో తెలుగు వచ్చినవాళ్లం మనం ముగ్గురమే. కాదనకండి.

ఆమె చేసింది. మొదటి మాట గొంతులోనే అంది. రెండో మాటకి ఒంగోలు వచ్చేసింది. మూడో మాటకి ఆదివారం వచ్చేసింది. "ఈ బిడ్డని చూడు తండ్రీ, ఈ బిడ్డ కన్నీళ్లు తుడువు తండ్రీ" అని ఆమె ఎనభై తొమ్మిదేళ్ల బిడ్డ గురించి గొంతెత్తి మొరపెడుతుంటే నాకు నవ్వొచ్చింది. ఉతికిన దుప్పట్లో మొహం పెట్టుకుని నవ్వాను. ఆ దుప్పటి మళ్లీ ఉతకాల్సొచ్చింది.

హెరాల్డ్ గారి కూతురు లేచి, మా నాన్నని భయపెట్టి చంపుతావా అని అరిచింది. మధ్యాహ్నానికి కంప్లయింటు, సాయంత్రానికి సస్పెన్షను. కృపామణి మాలో ఎవరితోనూ మాట్లాడకూడదట, మేమూ ఆమెతో మాట్లాడకూడదట. ఇరవై తొమ్మిదిన విచారణ. ఆమె వీసా ఈ ఉద్యోగానికే ముడిపడి ఉంది. ఇది పోతే ఆమె సామాను సర్దుకోవాల్సిందే.

మీరేం చేశారు? కళ్లు మూసుకున్నారు. అంతా అయ్యాక మేనేజరమ్మ వచ్చి మీకు సారీ చెప్పింది. "పర్వాలేదు" అన్నారు. మీకు సారీ! మీరు పర్వాలేదనడం!

ఒక్క కాగితం రాయండి, ఆ అమ్మాయిని ప్రార్థన చెయ్యమన్నది నేనే అని. అది సోమవారం పోస్టులో నా చేతికి రావాలి.

జెమీమా

•

స్టాన్‌మోర్
15 నవంబరు 2013

ప్రియమైన జెమీమాకు,

ప్రభువు కృప నీకు తోడైయుండును గాక. ఆయన దయవలన ఇక్కడ అందరము క్షేమము, నా ఎడమ మోకాలు తప్ప.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి, నీ దస్తూరి అచ్చం మీ నాన్న దస్తూరి అని గమనించాను. మా తమ్ముడు కూడా బతికున్నన్నాళ్లూ కోపమొస్తే కాగితం చిరిగేలా రాసేవాడు. మీ పెద్దమ్మ కుండీల్లో వేసిన గోంగూర చలికి పోయింది. ఆమె ఆ దుఃఖంలో ఉన్నది. ఫోనులో కటువుగా మాట్లాడి ఉంటే మనసులో పెట్టుకోకు.

ఆ రోజు వెళ్లేటప్పుడు నిన్ను పలకరించలేదని నీకు బాధ కలిగినట్టున్నది. నువ్వు బండి వెనక ఉన్నావు, నేను చూడలేదమ్మా. అంతకుమించి ఏమీ లేదు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ప్రార్థన చెయ్యమన్న మాట వాస్తవమే. మనసులో చేసుకోమని నా భావం. చుట్టూ అంతమంది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మనసులో అని వేరే చెప్పాలా?

మౌనం విలువ నాకు అమెరికాలో తెలిసింది. ఈ సంగతి నువ్వు చాలాసార్లు విన్నావు, అయినా నీకు పట్టలేదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. 1968లో మిషన్‌వాళ్లు నన్ను మిన్నెసోటాలో ఒక చిన్న కాలేజీకి పంపారు. నాకు ఇరవై మూడేళ్లు. వియత్నాం యుద్ధం జరుగుతున్న కాలం. ప్రతి బుధవారం మధ్యాహ్నం కొందరు విద్యార్థులు లైబ్రరీ ముందు పచ్చిక మీద గంటసేపు వరుసగా నిలబడేవారు. యుద్ధం వద్దని చెప్పడానికి. నినాదం లేదు, చేతిలో అట్ట లేదు, పాట లేదు. ఊళ్లోవాళ్లు కార్లాపి తిట్టేవారు. వీళ్లు జవాబు చెప్పేవారు కాదు. నవంబరులో ఒక బుధవారం, మంచులో, నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. మన సంఘంలో నలుగురు నిలబడితే నాలుగు గొంతులు లేస్తాయి. అక్కడ అంతమంది నిలబడినా టోపీల మీద మంచు పడుతున్న చప్పుడు వినిపించింది. కాలేజీ పత్రికలో నా ఫోటో వేశారు. అంతవరకు నన్ను చూసి పక్కకి తిరిగినవాళ్లు భోజనాల దగ్గర నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడకుండా పదిమంది మనసు మార్చవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను.

కాబట్టి నా సలహా విను. విచారణలో ఆ అమ్మాయి మౌనంగా ఉండాలి. నువ్వూ మౌనంగా ఉండు. నేను ప్రార్థిస్తాను.

దీవెనలతో,
పెదనాన్న ప్రేమ్‌నాథ్

తా.క. సబ్బునీళ్ల పని కదా, చేతులకి కొబ్బరినూనె రాసుకో.

•

స్టీవెనేజ్
20 నవంబరు 2013

మీ సలహా పాటించాను. పరువు పోయింది. దీనికి బాధ్యులు మీరు, మీ మిన్నెసోటా.

ముందు "మనసులో" అన్న మాట తేల్చుకుందాం. మన సంఘంలో పాస్టరుగారు "ఒక నిమిషం మౌన ప్రార్థన" అంటే ఏం జరుగుతుందో మీకు తెలీదా? ఒంగోల్లో ఆ నిమిషానికి వీధి చివర కుక్కలు లేచేవి. పాస్టరుగారు ఒక్కరే చేస్తే మామూలు ప్రార్థన, అందరూ ఒకేసారి గట్టిగా చేస్తే మౌన ప్రార్థన అని నేను చాలా పెద్దయ్యేదాకా అనుకున్నాను. మీరు ఆ సంఘంలోనే పుట్టి, ఆ సంఘంలోనే బాప్తిస్మం తీసుకుని, ఒంగోలు పిల్లకి తెలుగులో "ప్రార్థన చెయ్యమ్మా" అని చెప్పి, అది మిన్నెసోటా ప్రార్థన అని ఆమే అర్థం చేసుకోవాలంటారు.

సరే. మీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు తిట్టుకున్నాను, మూడో రోజు మళ్లీ చదివాను. మంచు పడే చప్పుడు దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. దుప్పట్లు ఉతికేదానికి జలదరింపు వస్తే ప్రమాదం. ఏదో ఒకటి చేసి తీరుతుంది.

వంటగదిలో పనిచేసే పోలండ్ ఆవిణ్ణి, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఇద్దర్నీ కూడగట్టాను. కృపామణికి అన్యాయం జరుగుతోంది, భోజనం విరామంలో మేనేజరమ్మ ఆఫీసు ముందు వరుసగా నిలబడదాం, ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, అదే మన బలం అని చెప్పాను. పోలండ్ ఆవిడ "మా దేశంలో ఇలాంటివి చాలా చేశాం, గెలిచాం" అంది. నాకు ధైర్యం వచ్చింది. ఇవాళ పన్నెండున్నరకి నిలబడ్డాం. కళ్లు నేల మీద, చేతులు ముందుకు కట్టుకుని, మీరు ప్రసంగంలో చూపిస్తారే, అలాగే.

పెదనాన్నా, ఈ దేశంలో నలుగురు వరుసగా నిలబడితే ఐదోవాడు ఎందుకని అడగడు. వెనకొచ్చి చేరతాడు. ముందు తోటమాలి చేరాడు. తర్వాత జుట్టు కత్తిరించడానికి వచ్చే ఆవిడ. తర్వాత పై అంతస్తు ముసలాయన ఒకాయన నడిచే చట్రం ఊతంగా వచ్చి నిలబడ్డాడు. ఎవరూ మాట్లాడలేదు. వరుస మలుపు దాకా పోయింది. మనసులు మారుతున్నాయి, పెదనాన్న చెప్పింది నిజమే అని నా కళ్లు చెమ్మగిల్లాయి కూడా.

మేనేజరమ్మ తలుపు తీసింది. మమ్మల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "ఫ్లూ ఇంజెక్షన్లు రేపు కదమ్మా, ఇవాళని మీకెవరు చెప్పారు?" అంది.

నేను నోరు తెరవాలి. తెరిస్తే మౌనం పోతుంది. తెరవకపోతే పరువు పోతుంది. ఆలోచిస్తుండగానే వెనక నుంచి తోటమాలి "రేపు నాకు సెలవు" అన్నాడు. పోలండ్ ఆవిడ "నాకూ" అంది. ఆవిడ గెలిచింది ఇలాగేనేమో. మేనేజరమ్మ పేర్లు రాసుకుంది. మొదటి పేరు నాది.

రేపు నాకు సూది. కృపామణికి ఏమీ లేదు.

కాగితం రాయండి. శనివారం.

జెమీమా

•

స్టాన్‌మోర్
23 నవంబరు 2013

జెమీమాకు,

శుభములు.

నా జీవితంలో పవిత్రమైన ఒక గంటను నువ్వు సూదిమందు పాలు చేశావు. నీ వయసుకి అది నవ్వులాట. నేను దానిమీద నలభై ఏళ్లకు పైగా వాక్యం చెప్పి బతికినవాణ్ని.

నీకు ఇంతకు ముందు చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నేను ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది ఇక్కడ ఇంగ్లీషువాళ్ల చర్చిలో, ప్రార్థన చివర, అలవాటుగా "ఆమేన్" అన్నాను. ఒంగోలు ఆమేన్. ముందు వరసలో ఆవిడ ఉలిక్కిపడి హ్యాండ్‌బ్యాగు జారవిడిచింది. అందులోవన్నీ నేల మీద దొర్లాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అందరూ వంగి ఏరారు. నేనూ ఏరాను. ఆ రోజు నుంచి ఆ చర్చిలో నేను పైకి ఆమేన్ అనలేదు. ఇప్పుడు వాళ్లు నన్ను నెమ్మదైన మనిషి అంటారు. నా చేత వాక్యం చదివిస్తారు. మీ హోమ్‌కి పంపుతున్నది కూడా వాళ్లే. చెయ్యమన్నది నేనే అని సంతకం పెడితే ఆ పేరు ఒక్క పూటలో పోతుంది. అరవై ఎనిమిదేళ్లు వచ్చాక మళ్లీ హ్యాండ్‌బ్యాగు దగ్గర నుంచి మొదలుపెట్టే శక్తి నాకు లేదు.

ఇంకొక సందేహం. ఆ అమ్మాయే నీ వెనక ఉండి ఇదంతా రాయిస్తున్నదా? నన్ను ఇందులోకి లాగితే తనకు మేలని ఎవరైనా చెప్పారా? అలా అయితే నువ్వు జాగ్రత్తగా ఉండాలి.

పెదనాన్న

జెమీమా, పెద్దమ్మని. కవరు అంటించమని నాకిచ్చాడు, కింద కాస్త ఖాళీ ఉంటే రాస్తున్నా. నీ ఫ్లూ లైను చదివి నేను నవ్విన నవ్వుకి పక్కింటి గుజరాతీ ఆవిడ ఏమైందని వచ్చింది. ఈయన మాత్రం నవ్వలేదు. ఎందుకో చెప్పనా? అమెరికాలో ఈయన నిలబడింది యుద్ధం కోసం కాదే పిచ్చిదానా. చలికాలం ముందు దొరసానులు బయటి దేశాల పిల్లలకి పాత కోట్లు పంచుతారని ఎవరో చెప్పారంట. లైను కనపడింది, పోయి నిలబడ్డాడు. పెళ్లైన కొత్తలో నాకొక్కదానికే చెప్పాడు. కోట్లు లేవని సగంలోనే తెలిసిందంట. మరి వదిలేసి రాలేదేం అంటే ఇప్పటిదాకా చెప్పడు. నేను చెప్పానని అనబాక. మీ అమ్మ దగ్గర గోంగూర గింజలుంటే రెండు పంపు.

•

స్టీవెనేజ్
25 నవంబరు 2013

పెద్దమ్మ నాకేమీ చెప్పలేదు. కోట్ల గురించి అసలే చెప్పలేదు.

చదవగానే ఇస్త్రీ బల్ల మీద కూర్చుని ఎగిరి గంతేసినంత పని చేశాను. దొరికారు అనుకున్నాను. వెంబ్లీలో ఆదివారం లేచి, సాక్ష్యం చెబుతానని మైకు తీసుకుని, ఈ కథ మొత్తం చెప్పి కూర్చుందామనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో కూడా అద్దం ముందు చేసి చూసుకున్నాను. అద్దంలో మొహం చూస్తే భుజం మీద సూది వేసిన చోట ఎర్రగా కనపడింది. నవ్వడానికి నాకు అర్హత లేదు. మీరు కోటు కోసం నిలబడి శాంతికి నిలబడినవారయ్యారు. నేను న్యాయానికి నిలబడి సూది కోసం నిలబడినదాన్నయ్యాను. ఒకే రక్తం.

కానీ ఒకటి అడుగుతాను. కోట్లు లేవని సగంలోనే తెలిసింది కదా. ఎందుకు వచ్చేయలేదు? మీకు ఒంటి మీద కోటు లేదు, పైనుంచి మంచు. యుద్ధమేదో మీది కాదు. మిమ్మల్ని ఎవరూ పట్టి ఉంచలేదు. మీ ప్రసంగంలో నాకు ఎప్పుడూ దొరకని ముక్క అదే. అది చెప్పకుండా మౌనం గొప్పది, మౌనం గొప్పది అంటారు.

మీ సందేహానికి జవాబు. కృపామణి నా చేత రాయించడం లేదు. ఆమెతో మాట్లాడకూడదని ఆర్డరు, నేను మాట్లాడలేదు. మొన్న మార్కెట్లో కనపడితే నేనే మొహం తిప్పుకున్నాను, ఆమె కేసు చెడుతుందని. ఇదంతా నా సొంత కోపం. ఆమె తరఫున మాట్లాడేది నేనొక్కదాన్నే.

విచారణ శుక్రవారం పదింటికి. గురువారం పోస్టు ఆఖరు.

జెమీమా

•

స్టాన్‌మోర్
27 నవంబరు 2013

కోట్ల సంగతి నిజమే. మీ పెద్దమ్మతో ఈ రోజు మాట్లాడటం లేదు. ఆమెకి ఆ తేడా తెలిసినట్టు లేదు.

ఎందుకు వచ్చేయలేదని అడిగావు. నా పక్కన ఒక పొడుగాటి కుర్రాడు నిలబడ్డాడు. కోట్లు ఎప్పుడు ఇస్తారని అతన్ని అడిగాను. అతను నా వైపు చూసి, ఒంటి మీదున్న మఫ్లరు తీసి నా మెడలో వేశాడు. మాట్లాడలేదు. అప్పుడర్థమైంది ఇది వేరే వరుస అని. పోదామని కాలు కూడా ఎత్తాను. సరిగ్గా అప్పుడే రోడ్డు మీంచి ఎవరో మంచుగడ్డ విసిరారు. అది అతని చెంపకి తగిలింది. లోపల రాయి పెట్టారు కాబోలు, రక్తం వచ్చింది. ఆ క్షణాన నేను కదిలితే విసిరినవాళ్ల వైపు నడిచినట్టు ఉంటుంది. యుద్ధం గురించి నాకేమీ తెలియదు. పక్కవాడికి దెబ్బ తగిలినప్పుడు, పైగా వాడి మఫ్లరు నా మెడలో ఉన్నప్పుడు, పోవడం బాగుండదని మాత్రం తెలిసింది. ఎత్తిన కాలు దించాను.

ఇన్నేళ్లూ నేను మౌనం గురించి ప్రసంగాలు చేశాను. ఆ కుర్రాడి గురించి ఎక్కడా చెప్పలేదు. అతని గురించి చెప్పాలంటే కోటు గురించి చెప్పాలి కదా.

శుక్రవారం వస్తున్నాను. కాగితం కాదు, నేనే. మీ మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాను. నువ్వు స్టేషనుకి రావద్దు, పని మానవద్దు.

పెదనాన్న

•

స్టీవెనేజ్
3 డిసెంబరు 2013, మంగళవారం

మీరు కృపామణిని కాపాడారు. కాపాడుతూ ఆమెని తెలివిలేనిదాన్ని చేసి కూర్చోబెట్టారు. ఇందులో సగం పాపం నాది, అందుకే ఈసారి అరవడం లేదు.

శుక్రవారం మీరు సూటూ టై వేసుకుని వచ్చారని, మేనేజరమ్మ అడగకముందే లేచి నిలబడ్డారని, "చెయ్యమన్నది నేనే, తప్పు నాది" అన్నారని తెలిసి నేను ఉతికే గదిలో డాన్సు చేశాను. తెల్లవాటిలో ఎర్ర కార్డిగన్ వేసేశాను. కింద అంతస్తు వాళ్లందరూ ఇవాళ గులాబీ రంగు దిండ్ల మీద పడుకున్నారు. మా పెదనాన్న, మా పెదనాన్న అని పోలండ్ ఆవిడకి చెప్పిందే చెప్పాను. ఆవిడ కూడా ఏడ్చింది. ఇప్పటికీ మీరు లేచి నిలబడినందుకు నాకు గర్వమే. అది వెనక్కి తీసుకోను.

నిన్న కృపామణి పనిలోకి వచ్చింది. పై అంతస్తుకి మార్చారు. మధ్యాహ్నం కిందికొచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుంది. నేను ఆగలేక మొత్తం చెప్పేశాను. నా ఉత్తరాలు, మీ జవాబులు, ఫ్లూ లైను, మంచుగడ్డ. దండ వేస్తుందేమోనని ఎదురుచూస్తున్నాను. ఆమె దుప్పటి మడత పెట్టి అడిగింది.

"ఎవరు చెయ్యమన్నారే?"

"పెదనాన్న. ప్రార్థన చెయ్యమ్మా అన్నాడుగా."

"ఆయన అన్నాడా? ఎప్పుడు? నాకు వినపళ్లేదే."

"గుమ్మంలో ఉన్న నాకు వినపడింది!"

"నీకు వినపడుద్ది, నీకు వేరే పనేముంది? హెరాల్డ్ గారు నా చెవిలో మాట్లాడతన్నాడు."

హెరాల్డ్ గారికి కళ్లు కనపడవు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు, మనిద్దరికీ ఆ రోజు గుర్తు రాలేదు. పదకొండు కొట్టగానే టీవీ ఆగింది, మనుషులు ఆగారు, కుర్చీలు కూడా కదలడం మానేశాయి. ఆయన కృపామణి చెయ్యి నొక్కి, అందరూ వెళ్లిపోయారా అని అడిగారట. ఉన్నాం అని చెవిలో చెప్పిందట. ఆయనకి చెవులూ అంతంత మాత్రమే. మళ్లీ అడిగి ఏడ్చారట.

"గట్టిగా ఏదో ఒకటి మాట్లాడతా ఉండాలిగా," అంది కృపామణి. "ఏం మాట్లాడను? వాతావరణమా? నాకు ఆపకుండా మాట్లాడ్డం వచ్చింది ప్రార్థన ఒక్కటే. మొదలుపెట్టగానే ఆయన ఏడుపాపాడు. మీరెవరూ చూళ్లేదు. అందరూ నన్నే చూస్తన్నారు."

"అది మౌనం పాటించే టైమని నీకు తెలుసా మరి?"

"ఏందే నీ ప్రశ్న? మూడేళ్ల నుంచి పాటిస్తన్నా. నర్సింగ్ చదివొచ్చినదాన్ని, గడియారం చూడ్డం రాదా?"

"విచారణలో ఈ మాట చెప్పలేదేం?"

"చెబుదామనే పోయా. బస్సులో ఇంగ్లీషులో అంతా అనుకుంటా పోయా. మీ పెదనాన్నగారు ముందే లేచారు. ఈ పిల్ల అమాయకురాలు, మా ఊరి వైపు నుంచి వచ్చింది, మౌనమంటే ఏంటో తెలియదు, పెద్దవాణ్ని నేను చెప్పబట్టి చేసింది అన్నారు. ఆ మాటతో గదిలో అందరి మొహాలూ వెలిగినయ్యి. హెరాల్డ్ గారి కూతురు మీ పెదనాన్న చెయ్యి పట్టుకుంది. ఇంక నేను నోరు తెరిస్తే వచ్చిన ఉద్యోగం మళ్లీ పోద్దేమోనని కూర్చున్నా."

తర్వాత ఆమె నా వైపు చూసి, "ఇన్ని రోజులు నా గురించి అంత రాసుకున్నారు గదా," అంది. "నన్నెందుకడగలేదే?"

ఆర్డరు ఉందన్నాను. మార్కెట్లో మొహం తిప్పుకున్నది కేసు కోసమన్నాను. "ఓహో" అంది. ఆ ఓహో ముందు మీ మిన్నెసోటా గంట కూడా పనికిరాదు.

ఆమె నోరు నేనే అనుకున్నాను పెదనాన్నా. ఆమె తరఫున మాట్లాడేది నేనొక్కదాన్నే అని మీకు రాసి కింద గీత కూడా గీశాను. మీరేమో ఆమె తెలివి మీరే అనుకున్నారు. మీరు నేర్పిన మౌనం చివరికి బాగా పాటించింది ఆమె, మనిద్దరి వల్ల.

ఇప్పుడు విచారణ కాగితం మీద ఇలా ఉంది: తెలియక చేసినది, ఇకపై హెరాల్డ్ గారి దగ్గర పని ఇవ్వరాదు. కింద అంతస్తులో ఆయన భోజనాల దగ్గర మళ్లీ "ఎవరైనా ఉన్నారా" అని అడుగుతున్నారు. ఉన్నామని చెప్పి కంచం పెట్టి పోతున్నారు. ఆయనకి ఆమె కావాలి. ఆమెకి ఏం కావాలో నాకు తెలీదు. మళ్లీ ఊహించి రాయను.

ఈ ఉత్తరానికి నాకు జవాబు వద్దు. కృపామణికి రాయండి. ఆ పిల్లకి కాదు, ఆ అమ్మాయికి కాదు, కృపామణి గారికి అని పేరు పెట్టి రాయండి. ఆమె అమాయకురాలని అన్నందుకు క్షమాపణ చెప్పండి. తర్వాత అడగండి: ఆ "తెలియక" అన్న మాట తీయించమంటారా, హెరాల్డ్ గారి అంతస్తుకి తిరిగి పంపమని మేనేజరుతో, ఆయన కూతురితో మాట్లాడమంటారా, లేక ఉద్యోగం నిలిచింది కాబట్టి మమ్మల్నిద్దర్నీ ఇక్కడితో ఊరుకోమంటారా అని. ఆమె ఏది చెబితే అది చేద్దాం. ఏదీ వద్దంటే అదీ చేద్దాం, నాకు చాలా కష్టమైనా.

చిరునామా వెనక వైపు రాశాను. ఆమెని అడిగే రాశాను. శనివారం పోస్టులో ఆమెకి అందాలి.

జెమీమా